తొలి కణపు పొరను స్లైడ్ మీద చూడటం: ఒలీక్ ఆమ్లంతో వెసికిల్స్ తయారీ, ఏ నీళ్ళలో నిలుస్తాయో పరీక్ష

జీవం పుట్టుక అనగానే పాఠ్యపుస్తకాలు 1953 నాటి మిల్లర్ ఫ్లాస్కు బొమ్మ వేసి ఊరుకుంటాయి. అది కాలేజీ ల్యాబ్‌లో చేయదగ్గ ప్రయోగం కాదు. మీథేన్, హైడ్రోజన్ నింపిన గాజు పాత్రలో విద్యుత్ స్పార్క్ ఇవ్వాలి, లోపల గాలి మిగిలిపోతే పేలే ప్రమాదం ఉంది. అన్నీ సరిగ్గా కుదిరి అమైనో ఆమ్లాలు వచ్చినా, వాటిని ఒకచోట పట్టి ఉంచే సంచి లేకపోతే నీళ్ళలో కలిసి పలచబడిపోతాయి. ఆ సంచి సంగతి మాత్రం డిగ్రీ ల్యాబ్‌లోనే చూడొచ్చు. పీహెచ్ మీటరు, 40ఎక్స్ ఆబ్జెక్టివ్ ఉన్న మైక్రోస్కోపు, 10 మి.లీ. ఒలీక్ ఆమ్లం ఉంటే చాలు.

చేసి చూస్తే ఒక విషయం తెలుస్తుంది. పొర కట్టడం పెద్ద కష్టమేమీ కాదు, దాదాపు దానంతటదే కడుతుంది. అది ఏ నీళ్ళలో నిలుస్తుందన్నదే అసలు చిక్కు. జీవం సముద్రం అడుగున పుట్టిందా, నేల మీది వేడినీటి గుంటల్లోనా అన్న వాదంలో సగం ఈ నీళ్ళ గురించే. అందుకే ఈ పద్ధతిలో వెసికిల్స్ (నీళ్ళలో ఏర్పడే పొర సంచులు) తయారీకి తక్కువ చోటిచ్చి, వాటిని పీహెచ్‌తో, ఉప్పులతో పరీక్షించడానికి ఎక్కువ చోటిచ్చాం.

తొలి కణమంటే నూనెపొరలో చుట్టుకున్న అణువుల గుంపు అయ్యుంటుందని బ్రిటిష్ జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1929లోనే రాశాడు. ఆయన 1957లో మన దేశానికి వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. వీలునామా ప్రకారం ఆయన దేహం వైద్య విద్యార్థుల కోసం కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి చేరింది.

పొర ఎందుకు కడుతుంది

ఒలీక్ ఆమ్లంలో మొత్తం 18 కార్బన్లు: పొడవాటి తోక, చివర ఒక కార్బాక్సిల్ తల ఉంటాయి. తోకకు నీళ్ళు గిట్టవు. తల సంగతి పీహెచ్‌ను బట్టి మారుతుంది. పీహెచ్ 10 దాటితే తలలన్నీ ప్రోటాన్ వదిలేసి రుణావేశంతో ఒకదాన్నొకటి తోసుకుంటాయి. అప్పుడు చిన్న గుండ్రటి మిసెల్స్ (తోకలు లోపలికి, తలలు బయటికి ఉన్న గుంపులు) మాత్రమే ఏర్పడి ద్రావణం తేటగా ఉంటుంది. పీహెచ్ 7.5 కంటే దిగితే తలలు ప్రోటాన్ పట్టుకుని ఆవేశం పోగొట్టుకుంటాయి, నూనె చుక్కలై పైకి తేలుతాయి. ఈ రెంటికీ మధ్య, దాదాపు 8 నుంచి 9 వరకు, సగం తలలకు ప్రోటాన్ ఉంటుంది, సగానికి ఉండదు. ఇవి పక్కపక్కన హైడ్రోజన్ బంధంతో జతకట్టి రెండు వరసల పొరగా పరుచుకుంటాయి. ఆ పొర అంచులు నీళ్ళకు తగలకుండా ముడుచుకుంటే వచ్చేదే వెసికిల్.

మామూలు కార్బాక్సిలిక్ ఆమ్లాల పీకేఏ (సగం అణువులు ప్రోటాన్ వదిలేసే పీహెచ్) 5కు దగ్గర్లో ఉంటుంది కదా, ఇక్కడ 8.5 ఎలా అయిందని విద్యార్థులు అడుగుతారు. పొరలో పక్కనంతా రుణావేశమే ఉండటంతో ప్రోటాన్ వదలడం కష్టమవుతుంది, అందుకే పీకేఏ పైకి జరుగుతుంది. ఒంటరి అణువు సంఖ్యను గుంపుకు వేస్తే లెక్కంతా తప్పుతుంది.

తొలి భూమి మీద 18 కార్బన్ల అసంతృప్త ఆమ్లం విస్తారంగా ఉండేదని ఎవరూ అనరు. 1969లో ఆస్ట్రేలియాలో పడిన మర్చిసన్ ఉల్కలో దొరికినవి ఇంతకంటే పొట్టి ఆమ్లాలు. ఆ ఉల్క నుంచి తీసిన పదార్థం కూడా పొర సంచులు కడుతుందని 1985లో అమెరికన్ శాస్త్రవేత్త డేవిడ్ డీమర్ చూపించాడు. అయితే 10 కార్బన్ల డెకనోయిక్ ఆమ్లం వెసికిల్స్ కట్టాలంటే పదుల మిల్లీమోలార్ గాఢత కావాలి, వాసన కూడా భరించలేం. ఒలీక్ ఆమ్లానికి 0.1 మిల్లీమోలార్ దాటితే చాలు. ఇక్కడ దాన్ని నమూనాగా వాడుతున్నాం, అంతే.

సామాను

ఒలీక్ ఆమ్లం 99 శాతం శుద్ధిది కొనండి. 90 శాతం టెక్నికల్ గ్రేడు పసుపు రంగులో వస్తుంది, అందులోని సంతృప్త ఆమ్లాలు స్లైడ్ మీద సూదుల్లా స్ఫటికాలు కట్టి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తాయి. సీసా మూత తీసిన ప్రతిసారీ గాలి తగిలి ఆక్సీకరణం చెందుతుంది కాబట్టి, వచ్చిన రోజే 1 మి.లీ. చొప్పున చిన్న వయల్స్‌లో పంచి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. అక్కడ గడ్డకడుతుంది, ఫర్వాలేదు, దాని ద్రవీభవన స్థానం 13, 14 డిగ్రీలే. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా మూత తీయొద్దు, లేకపోతే లోపల చెమ్మ చేరుతుంది. పాతబడిన నూనె కమరు వాసన వచ్చిందంటే పారేయండి.

మిగతావి: బైసీన్ (బఫర్ కట్టే పదార్థం), సోడియం హైడ్రాక్సైడ్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం, మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్, కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్, సోడియం క్లోరైడ్, ట్రైసోడియం సిట్రేట్, ఇడీటీఏ (లోహ అయాన్లను పట్టేసేది), గ్లిసరాల్ మోనో ఓలియేట్. ఈ చివరిదాని విషయంలో జాగ్రత్త. బేకరీ సరుకు అమ్మేవాళ్ళు ఇచ్చేది గ్లిసరాల్ మోనో స్టియరేట్, అది సంతృప్త కొవ్వు, ఈ పనికి రాదు. నీళ్ళు డిస్టిల్డ్ వాటరే కావాలి. ఆర్‌ఓ ప్లాంటు క్యాన్ నీళ్ళతో చేస్తే మొదటి మెట్టులోనే కాల్షియం అడ్డుపడుతుంది.

మైక్రోపిపెట్ ఉంటే మంచిది. లేకపోతే ఒలీక్ ఆమ్లాన్ని సూక్ష్మ త్రాసు మీద తూచి వేయండి. అది చిక్కటి నూనె, పిపెట్ మొనకు అంటుకుని ఎప్పుడూ తక్కువే పడుతుంది. ఎలా చూసినా తూకమే నమ్మకం.

మిసెల్ స్టాక్

అన్ని పరీక్షలకూ మూలం ఇదే. 25 మి.లీ. కోనికల్ ఫ్లాస్కులో 282 మి.గ్రా. ఒలీక్ ఆమ్లం (దాదాపు 0.32 మి.లీ.) తీసుకోండి. 8.6 మి.లీ. డిస్టిల్డ్ వాటర్, 1.1 మి.లీ. 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ కలపండి. 45 డిగ్రీల వాటర్ బాత్‌లో ఉంచి మెల్లగా తిప్పుతూ ఉంటే అరగంటలో తేటపడుతుంది. ఇది 100 మిల్లీమోలార్ సోడియం ఓలియేట్, పీహెచ్ 10 దాటి ఉండాలి. మబ్బుగా ఉంటే క్షారం చాలలేదని అర్థం, 0.05 మి.లీ. చొప్పున కలుపుతూ తేటపడగానే ఆపండి. గట్టిగా ఊపొద్దు. ఇది అచ్చమైన సబ్బునీరు, నురగ కడితే పిపెట్ చేయడం నరకం. క్షారం కంట్లో పడకుండా కళ్ళద్దాలు పెట్టుకోవాలి.

బిరడా బిగించి గది వేడిలో ఉంచితే వారంపాటు బాగుంటుంది. ఫ్రిజ్‌లో పెడితే పేస్టులా బిగుసుకుంటుంది. మళ్ళీ 45 డిగ్రీలకు వేడి చేస్తే తేటపడుతుంది కాబట్టి పారబోయనక్కర్లేదు.

బఫర్

0.2 మోలార్ బైసీన్ బఫర్ కోసం 3.26 గ్రాముల బైసీన్‌ను 80 మి.లీ. నీళ్ళలో కరిగించండి. 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ దాదాపు 12 మి.లీ. పడుతుంది. చివరి 1 మి.లీ. చుక్కచుక్కగా వేస్తూ పీహెచ్ 8.5 దగ్గర ఆపి, 100 మి.లీ.కి నింపండి.

0.2 మోలార్ ఎందుకు, 0.02 చాలదా? ఓలియేట్ స్టాక్‌ను బఫర్‌లో వేయగానే సగం అణువులు బఫర్ నుంచి ప్రోటాన్ లాక్కుంటాయి. 10 మిల్లీమోలార్ ఓలియేట్ అంటే 5 మిల్లీమోలార్ ప్రోటాన్లు. 0.2 మోలార్ బఫర్‌లో దానివల్ల పీహెచ్ 0.05 మాత్రమే కదులుతుంది. 0.02 మోలార్ అయితే అర యూనిట్ పైకి జరిగి, వెసికిల్స్ రావాల్సిన చోట మిసెల్స్ మిగులుతాయి. 'ఎంత ఊపినా తెల్లబడటం లేదు' అన్న ఫిర్యాదుకు నూటికి తొంభై వంతులు కారణం ఇదే.

వేడిమి కూడా చూసుకోవాలి. డిగ్రీ పెరిగే కొద్దీ బైసీన్ పీహెచ్ సుమారు 0.018 తగ్గుతుంది. 25 డిగ్రీల ఏసీ గదిలో 8.5కు సరిచేసిన బఫర్, మే నెలలో ఏసీ లేని 38 డిగ్రీల ల్యాబ్‌లో 8.27 చూపిస్తుంది. కాబట్టి ఏ గదిలో ప్రయోగం చేస్తారో అక్కడే బఫర్ కట్టండి, మీటరు కూడా అక్కడే క్యాలిబ్రేట్ చేయండి.

వెసికిల్స్: రెండు దారులు

త్వరగా కావాలంటే 9 మి.లీ. బఫర్‌ను మెల్లగా తిప్పుతూ 1 మి.లీ. స్టాక్ పోయండి. క్షణాల్లో నీలిఛాయ తిరిగి, నిమిషాల్లో పలచని పాలలా మారుతుంది. ఇందులో చిన్న వెసికిల్స్ ఎక్కువ.

పెద్దవి కావాలంటే స్టాక్ వద్దు. 10 మి.లీ. బఫర్‌లో నేరుగా 28 మి.గ్రా. ఒలీక్ ఆమ్లం వేసి, ఒక నిమిషం గట్టిగా ఊపి, రాత్రంతా నెమ్మదిగా తిరిగే షేకర్ మీద వదిలేయండి. షేకర్ లేకపోతే గంటకోసారి చేత్తో తలకిందులు చేసి, తర్వాత రాత్రికి వదిలేసినా చాలు. ఉల్లిపొరల్లా పొర మీద పొర ఉన్న పెద్ద వెసికిల్స్ వస్తాయి, కొన్ని మైక్రోమీటర్లు దాటినవి కూడా కనిపిస్తాయి. మైక్రోస్కోపు పనికి ఇవే కావాలి.

పుస్తకాల్లో చెప్పినట్టు 100 నానోమీటర్ల ఫిల్టర్ గుండా తోసి ఒకే సైజు చేసేవాళ్ళుంటారు. కొలతల పనికి అది అవసరమే. కానీ కాంతి మైక్రోస్కోపు 200 నానోమీటర్ల కంటే చిన్నవాటిని విడదీసి చూపలేదు. ఫిల్టర్ చేసి స్లైడ్ మీద ఏమీ కనబడలేదంటే ప్రయోగం చెడలేదు, చూడలేని సైజుకు మీరే కోశారు.

స్లైడ్ మీద

ముందు అన్నిటికంటే తేలికైనది చేయండి. శుభ్రమైన స్లైడ్ మీద సూదిమొనతో ఒలీక్ ఆమ్లం చిన్న చుక్క పెట్టి, కవర్‌స్లిప్ వేసి, 10ఎక్స్‌లో చుక్క అంచు దొరకబుచ్చుకోండి. కవర్‌స్లిప్ పక్క నుంచి ఒక చుక్క బఫర్ వదలండి. బఫర్ వచ్చి తగలగానే నున్నగా ఉన్న నూనె అంచు గరుకు తేలుతుంది. అందులోంచి సన్నని గొట్టాలు వేళ్ళలా పొడుచుకొచ్చి, మెలికలు తిరుగుతూ నీళ్ళలోకి పెరుగుతాయి. వీటిని మైలిన్ ఆకృతులంటారు. కొన్ని గొట్టాలు కొసన ఉబ్బుతాయి, కొన్ని తెగి గుండ్రటి సంచులై కొట్టుకుపోతాయి. మామూలు బ్రైట్‌ఫీల్డ్‌లోనే కనిపిస్తుంది, ఫోను కెమెరాను ఐపీస్‌కు ఆనించి వీడియో తీయొచ్చు. పక్కనే ఇంకో స్లైడ్ మీద బఫర్ బదులు డిస్టిల్డ్ వాటర్ వదిలి చూడండి, చుక్క అలాగే నున్నగా కూర్చుంటుంది. పీహెచ్ చేసే పనేమిటో ఇంతకంటే సూటిగా చూపించే పద్ధతి లేదు.

తర్వాత రాత్రంతా ఉంచిన వెసికిల్స్ 5 మైక్రోలీటర్లు స్లైడ్ మీద వేసి, అంచులకు నెయిల్ పాలిష్ రాసి మూయండి. మూయకపోతే పది నిమిషాల్లో ఆరిపోతూ ప్రవాహం మొదలై ఏదీ నిలకడగా కనబడదు. ఫేజ్ కాంట్రాస్ట్ (పారదర్శకమైన వాటి అంచులను తేల్చి చూపే మైక్రోస్కోపు ఏర్పాటు) ఉంటే వాడండి. లేకపోతే కండెన్సర్ డయాఫ్రమ్‌ను బాగా మూసేయండి, వెలుతురు తగ్గినా అంచులు తేలతాయి.

కనిపించే గుండ్రటి వస్తువు వెసికిలా, నూనె చుక్కా? మొదటిసారి చేసేవాళ్ళు అందరూ తడబడేది ఇక్కడే. తేల్చడానికి రెండు పోలరాయిడ్ ముక్కలు చాలు, పాత ఎల్‌సీడీ తెర నుంచి తీసినవైనా పనికొస్తాయి. ఒకటి దీపం మీద, ఇంకోటి ఐపీస్ మీద పెట్టి, తెర పూర్తిగా చీకటయ్యేలా పైది తిప్పండి. ఆ చీకట్లో పొర మీద పొర ఉన్న వెసికిల్స్ నాలుగు వెలుగు రేకులతో, మధ్యలో నల్లటి కూడిక గుర్తుతో మెరుస్తాయి. నూనె చుక్క ఎంత పెద్దదైనా చీకట్లోనే ఉండిపోతుంది. ఒకే పొర ఉన్న వెసికిల్ కూడా మెరవదు కాబట్టి, మెరవనిదల్లా నూనె అనుకోకూడదు.

పీహెచ్ మెట్లు

2 మి.లీ. స్టాక్‌కు 16.8 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ కలపండి. బఫర్ వద్దు. పీహెచ్ మీటరు ఎలక్ట్రోడ్ పెట్టి, మెల్లగా తిప్పుతూ, 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 0.1 మి.లీ. చొప్పున వేస్తూ, ప్రతిసారీ రెండు మూడు నిమిషాలు ఆగి పీహెచ్ రాసుకోండి. కలరీమీటర్ ఉంటే 420 నానోమీటర్ల ఫిల్టర్‌తో మబ్బుతనం కూడా కొలవండి.

మొదటి 0.2 మి.లీ. ఆమ్లం స్టాక్‌లో ఎక్కువైన క్షారాన్ని తినేస్తుంది. తర్వాత నీలిమబ్బు మొదలవుతుంది. 1.2 మి.లీ. దగ్గర సగం తలలకు ప్రోటాన్ అందుతుంది. ఈ చుట్టుపక్కల ఆమ్లం వేస్తున్నా పీహెచ్ పెద్దగా కదలదు, ఎందుకంటే ఒలీక్ ఆమ్లం, ఓలియేట్ జంట తనకు తానే బఫర్. 2.2 మి.లీ. చేరేసరికి అంతా ఆమ్ల రూపమైపోయి, పైన నూనె తెట్టు కడుతుంది. అక్కడి నుంచి క్షారంతో వెనక్కి రండి. వెసికిల్స్ మళ్ళీ వస్తాయి కానీ అదే పీహెచ్ దగ్గర అంతే మబ్బుతనం ఉండదు. పొర మారడానికి సమయం పడుతుంది, దారిని బట్టి ఫలితం మారుతుంది. నివేదికలో రెండు గీతలూ గీయండి.

పని అయ్యాక ఎలక్ట్రోడ్‌ను ఇథనాల్‌తో, ఆ తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి. బల్బు మీద నూనెపొర మిగిలితే తర్వాతి బ్యాచ్ రీడింగులన్నీ నెమ్మదిగా, తప్పుగా వస్తాయి.

1.2 మి.లీ. దగ్గర ఆపితే చేతిలో మిగిలేది 20 మి.లీ.లో 10 మిల్లీమోలార్ వెసికిల్స్, బయటి బఫర్ లేకుండా. వచ్చే పరీక్షకు ఇదే కావాలి.

ఉప్పుల పరీక్ష

బైసీన్‌లో చేసిన వెసికిల్స్‌ను ఇక్కడ వాడొద్దు. బైసీన్ లోహ అయాన్లను కొంత పట్టేసుకుంటుంది, కాల్షియంను మరీ గట్టిగా. దానివల్ల పొర నిజంగా ఉన్నదానికంటే గట్టిదన్న భ్రమ కలుగుతుంది.

10 మి.లీ. నీళ్ళలో 0.203 గ్రాముల మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ కరిగిస్తే 100 మిల్లీమోలార్ స్టాక్. టెస్ట్ ట్యూబుల్లో 2 మి.లీ. చొప్పున వెసికిల్స్ తీసుకుని, వరసగా 0, 10, 20, 40, 80, 160 మైక్రోలీటర్లు వేయండి. దాదాపు 0, 0.5, 1, 2, 4, 8 మిల్లీమోలార్ అవుతుంది. కాల్షియంకు కూడా ఇలాగే, 10 మి.లీ.కి 0.147 గ్రాముల డైహైడ్రేట్. చుక్క పడిన చోటే గడ్డకట్టకుండా వేస్తూనే కలపాలి. పావుగంట ఆగి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి.

వెసికిల్స్ బతికున్న ట్యూబు సమంగా, పలచని పాలలా ఉంటుంది. చచ్చిన ట్యూబులో విరిగిన పాలలా తెల్లటి తునకలు కనిపిస్తాయి, ఊపినా తిరిగి కలవవు. కొన్ని మిల్లీమోలార్లకే ఇది జరుగుతుంది. బోరు నీళ్ళలో సబ్బు నురగ రాక బకెట్ అంచుకు తెట్టు కట్టడం అచ్చంగా ఈ రసాయనమే. రెండు ఓలియేట్ తలలను ఒక కాల్షియం అయాన్ బిగించి పట్టుకుంటే అది ఇక పొరలో ఇమడదు. నీటి కాఠిన్యం లీటరుకు 500 మి.గ్రా. అని రిపోర్టు వస్తే కాల్షియం, మెగ్నీషియం కలిపి 5 మిల్లీమోలార్ అన్నమాట. మీ ఊరి బోరు నీళ్ళనూ ఒక ట్యూబులో పెట్టి చూడండి.

కారణం లోహమేనని రుజువు కావాలంటే, విరిగిన ట్యూబులో లోహానికి సరిసమానంగా పీహెచ్ 8 దగ్గర సరిచేసిన ఇడీటీఏ వేసి 45 డిగ్రీలకు వేడి చేసి ఊపండి. తునకలు కరిగి మబ్బు తిరిగి వస్తుంది. రాకపోతే పీహెచ్ చూడండి, బహుశా బాగా దిగి ఉంటుంది.

మామూలు ఉప్పు మరోలా పనిచేస్తుంది. మి.లీ.కి 29 మి.గ్రా. వేస్తే 0.5 మోలార్, నేటి సముద్రానికి దగ్గర. వెసికిల్స్ లోపలి నీళ్ళు బయటికి లాగబడి కుంచించుకుపోతాయి, గుంపులు కడతాయి.

ఇప్పుడు దీన్ని నేటి సముద్రం లెక్కతో పోల్చి చూడండి: మెగ్నీషియం సుమారు 53 మిల్లీమోలార్, కాల్షియం సుమారు 10. మీ ట్యూబులు 8 దగ్గరే చేతులెత్తేశాయి. నేల మీది మంచినీటి వేడిగుంటలే పుట్టినిల్లు అని డీమర్ లాంటి వాళ్ళు వాదించడానికి ఇదొక ముఖ్య ఆధారం. పూణే ఐసర్‌లో సుధా రాజమణి బృందం లద్దాఖ్ వేడినీటి బుగ్గల నీళ్ళలో ఇలాంటి పొరలు నిలుస్తాయా అని పరీక్షించింది.

అలాగని ఈ ఒక్క పరీక్షతో సముద్రాన్ని కొట్టిపారేయకండి. 2019లో లండన్‌లో నిక్ లేన్ బృందం 10 నుంచి 15 కార్బన్ల ఆమ్లాలు, ఆల్కహాల్స్ కలగలిపి 70 డిగ్రీల దగ్గర చూస్తే, సముద్రమంత ఉప్పులోనూ, పీహెచ్ 12 దగ్గర కూడా వెసికిల్స్ ఏర్పడ్డాయి. 2000లో అట్లాంటిక్ అడుగున కనిపెట్టిన లాస్ట్ సిటీ క్షార బుగ్గల్లో 40 నుంచి 90 డిగ్రీల వేడి, 9 నుంచి 11 పీహెచ్ ఉంటాయి. ఒకే రకం శుద్ధ ఆమ్లం ల్యాబ్ సౌకర్యం మాత్రమే, ప్రకృతిలో దొరికేది ఎప్పుడూ కలగాపులగమే. గుంటల పక్షానికీ ఎదురుదెబ్బలున్నాయి. రష్యాలోని కమ్చాట్కాలో పీహెచ్ 3 దగ్గరున్న ఒక వేడి బురదగుంటలో డీమర్ కొవ్వు ఆమ్లంతో సహా ముడిసరుకంతా పోసి చూస్తే, బంకమన్ను చాలావరకు పీల్చేసుకుంది, పొరలు కట్టలేదు.

పొరను గట్టిపరచడం

రెండు ఉపాయాలు పక్కపక్కనే చేసి చూడొచ్చు. మొదటిది గ్లిసరాల్ మోనో ఓలియేట్. 37.7 మి.గ్రా. ఒలీక్ ఆమ్లం, 23.8 మి.గ్రా. మోనో ఓలియేట్ (మోల్ లెక్కన 2:1) కలిపి 50 డిగ్రీల దగ్గర కరిగించండి. అది ఒకే నూనెగా కలిశాక, వేడిగా ఉన్నప్పుడే 19.3 మి.లీ. నీళ్ళు, 0.67 మి.లీ. 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ పోసి ఊపి, రాత్రంతా ఉంచండి. క్లోరోఫామ్‌తో పలచని పొర ఆరబెట్టే పాత పద్ధతి ఉంది కానీ ఫ్యూమ్‌హుడ్ లేని ల్యాబ్‌లో దాని జోలికి పోవద్దు. మోనో ఓలియేట్ తలకు ఆవేశం ఉండదు, మెగ్నీషియంకు పట్టు దొరకదు. పైన చేసిన మెగ్నీషియం మెట్ల పరీక్షే దీనికి చేస్తే విరిగే చోటు పైకి జరుగుతుంది.

రెండోది సిట్రేట్. 10 మి.లీ.లో 1.47 గ్రాముల ట్రైసోడియం సిట్రేట్ డైహైడ్రేట్ కరిగిస్తే 0.5 మోలార్. 4 మిల్లీమోలార్ మెగ్నీషియం ట్యూబుకు 64 మైక్రోలీటర్ల సిట్రేట్ ముందు వేసి, తర్వాత మెగ్నీషియం వేయాలి. క్రమం తారుమారైతే తునకలు కట్టాక విడిపించడం కష్టం. 2013లో కటార్జినా ఆడమాలా, జాక్ షోస్టాక్ చూపించింది ఇదే. ఆర్‌ఎన్‌ఏ నకలు కావాలంటే మెగ్నీషియం ఉండాలి, అదే మెగ్నీషియం పొరను చీలుస్తుంది. సిట్రేట్ మధ్యలో దూరి పొరను కాపాడుతుంది, నకలు పని మాత్రం ఆగదు. అంత సిట్రేట్ తొలి భూమి మీద ఎక్కడిదన్నది వేరే ప్రశ్న, దానికి మెప్పించే జవాబు లేదు.

పెరిగే వెసికిల్స్

దీనికి ఫేజ్ కాంట్రాస్ట్ ఉండాల్సిందే. బైసీన్‌లో రాత్రంతా ఉంచిన పెద్ద వెసికిల్స్‌ను అదే బఫర్‌తో పది రెట్లు పలచన చేయండి, 1 మిల్లీమోలార్ అవుతుంది. 1 మి.లీ.కి 50 మైక్రోలీటర్ల మిసెల్ స్టాక్ కలిపి, వెంటనే ఒక చుక్క స్లైడ్ మీద వేసి మూయండి. ఉన్న పొరకు ఐదింతల కొత్త ఓలియేట్ అందుతుంది. అరగంటలోపు గుండ్రటి వెసికిల్స్‌లో కొన్నిటికి సన్నని తోక మొలిచి, అది పొడవై, మొత్తం వెసికిలే దారంలా మారుతుంది. పొర వేగంగా పెరుగుతోంది, లోపలి ఘనపరిమాణం మాత్రం బైసీన్ పొర దాటలేకపోవడం వల్ల అంత వేగంగా పెరగలేదు. ఎక్కువైన పొరకు సాగడం తప్ప దారి లేదు. కవర్‌స్లిప్‌ను పెన్సిల్ కొసతో మెల్లగా తడితే దారాలు ముక్కలై చిన్న వెసికిల్స్ అవుతాయి. 2009లో టింగ్ ఝు, షోస్టాక్ వర్ణించిన పెరుగుదల, విభజన ఇవే. దారాలు రాకపోతే స్టాక్ పాతబడి ఉండాలి, లేదా పలచన చేసేటప్పుడు బఫర్ బదులు నీళ్ళు వాడి ఉండాలి.

ఎండబెట్టి తడపడం

వేడిగుంటల అంచున నీళ్ళు ఎండుతూ, మళ్ళీ తడుస్తూ ఉంటాయి. దాన్ని స్లైడ్ మీదే తీసుకురావొచ్చు. బఫర్ లేని వెసికిల్స్ 20 మైక్రోలీటర్లు స్లైడ్ మీద వేసి 45 డిగ్రీల హాట్‌ప్లేట్ మీద ఆరనివ్వండి. బైసీన్ వెసికిల్స్ వాడితే ఆరాక మిగిలేది బైసీన్ స్ఫటికాల గుట్టే. ఎండేటప్పుడు సంచులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, పొరలు బొత్తిలా పరుచుకుంటాయి, లోపలున్నవన్నీ ఆ పొరల మధ్య ఇరుక్కుంటాయి. కవర్‌స్లిప్ వేసి అంచు నుంచి ఒక చుక్క డిస్టిల్డ్ వాటర్ వదిలితే ఎండిన పొర అంచు నుంచి మళ్ళీ గొట్టాలు, సంచులు బయల్దేరతాయి. సంచుల్లో రంగు చిక్కడం చూడాలంటే ఎండబెట్టే ముందే 0.1 మిల్లీమోలార్ సోడియం ఫ్లోరసీన్ కలపండి. మిథిలీన్ బ్లూ వద్దు, అది ధనావేశపు రంగు, లోపల చిక్కకుండానే పొరకు అంటుకుని చిక్కినట్టు కనిపిస్తుంది.

ఇలా పొరల మధ్య ఇరుక్కున్న న్యూక్లియోటైడ్లు ఆర్‌ఎన్‌ఏ లాంటి గొలుసులుగా కలుస్తాయని 2008లో రాజమణి, డీమర్ తదితరులు ప్రచురించారు. అక్కడ వాడిన వేడి ఇంతకంటే చాలా ఎక్కువ, ఎండబెట్టింది కూడా గాలిలో కాదు. మీ హాట్‌ప్లేట్ మీద గాలి తగులుతూ మూడు నాలుగు సార్లు ఎండితే ఒలీక్ ఆమ్లం కమురుతుంది, పసుపు జిగురు మిగులుతుంది. ఎక్కువ సార్లు చేయాలనుకుంటే స్లైడ్ మీద బోర్లించిన గరాటు గుండా నైట్రోజన్ మెల్లగా వదలండి. అది కుదరకపోతే రెండు సార్లతో ఆపి, ప్రతిసారీ కొత్త స్లైడ్ తీసుకోండి.